అగ్రి మెషినరీయా, ఫుడ్డా, బయోఎనర్జీయా: ఏది మేలు?

అడ్మిషన్లు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న. అగ్రికల్చరల్ ఇంజనీరింగ్‌లో మొదట్లో అందరికీ ఒకే లెక్కలు, ఒకే ఫిజిక్స్, ఆ తర్వాత ఈ మూడిట్లో ఏ దారి పట్టాలి? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను. ముందు ఒక మాట, కోర్సు పేరు చూసి కంగారు పడకండి. ఒకచోట అగ్రికల్చరల్ అంటారు, ఇంకోచోట బయోసిస్టమ్స్ అంటారు, సిలబస్ తెరిచి చూస్తే చాలావరకు అవే సబ్జెక్టులు. 1907లో పుట్టిన అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘమే 2005లో తన పేరులో బయోలాజికల్ అని కలుపుకుంది, ఇక కాలేజీల సంగతి చెప్పేదేముంది.

జీతాలు, ఉద్యోగాలు అందరూ పోలుస్తారు. నేను ముందు చూసేది మాత్రం ఒక్కటే: చేసిన తప్పు ఎన్నాళ్లకు తెలుస్తుంది? పొద్దున చేసిన తప్పు సాయంత్రానికి బయటపడితే మర్నాడు ఇంకోలా చేసి చూడొచ్చు. ఏడాదికి బయటపడితే డిగ్రీలో అలాంటి అవకాశాలు ఎన్ని వస్తాయో మీరే లెక్కేసుకోండి.

మెషినరీ సంగతి చూద్దాం. కోత మిషన్‌లో గింజ రాల్చే డ్రమ్ము వేగం పెంచి, డ్రమ్ముకీ దాని కింది జాలీకీ మధ్య సందు బిగిస్తే గింజ పగులుతుంది, వదులు చేస్తే నూర్పిడి కాని గింజ గడ్డితోపాటు వెనకనుంచి పోతుంది. పొద్దున మంచుకి గడ్డి మెత్తబడి ఉన్నప్పుడు పెట్టిన సెట్టింగు మధ్యాహ్నం ఎండలో పనికిరాదు. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు, పొలంలో నిలబడితేనే వస్తుంది. పైగా ఇప్పుడు హైడ్రాలిక్స్, సెన్సర్లు, ట్రాక్టరూ దాని పనిముట్లూ మాట్లాడుకునే ఐసోబస్ ప్రమాణం, అన్నీ ఇందులోకి వచ్చేశాయి, ఇనుమూ కోడింగూ రెండూ ఇష్టమైనవాళ్లకి పండగే. చిక్కల్లా, కోతలు ఉండేది ఏడాదిలో కొన్ని వారాలు. ఆ వారాల్లో వాన పడినా, పరీక్షలు అడ్డొచ్చినా ప్రాజెక్టు మళ్లీ సీజనుకే. నాగలి లాంటి వాటికైతే ల్యాబులో పొడవాటి మట్టి తొట్టె ఉంటుంది, పరికరాన్ని అందులో లాగి ఎంత బలం పడుతోందో కొలుస్తారు. నూర్పిడికి మాత్రం నిజమైన పంటే కావాలి.

ఫుడ్ ప్రాసెసింగ్‌లో ఈ బాధ లేదు. ట్రే డ్రయ్యర్ ఒక్కటి చాలు. పండు ముక్కలు పరిచి, వేడిగాలి వదిలి, పది నిమిషాలకోసారి ట్రే తూకం వేస్తూ గ్రాఫ్ గీయండి. మొదట బరువు గబగబా తగ్గుతుంది, తర్వాత గీత వంగుతుంది, ఎందుకంటే పైనున్న తడి పోయి ఇక లోపలి తేమ మెల్లగా బయటికి రావాలి. త్వరగా అవ్వాలని వేడి పెంచారనుకోండి, పైపొర గట్టిపడి తేమ లోపలే ఇరుక్కుంటుంది, పైకి బాగా ఎండినట్టే కనిపిస్తుంది, ముక్క కోసి చూస్తే మధ్యలో తడి. తప్పు అదే రోజు చేతికి తగులుతుంది, మర్నాడు వేడి తగ్గించి మళ్లీ చేయొచ్చు. పాలని 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఎందుకు ఉంచుతారు, గొట్టంలో అన్నిటికంటే వేగంగా పోయే పాలకి కూడా ఆ 15 సెకన్లు దక్కాలంటే గొట్టం ఎంత పొడవుండాలి అన్న లెక్కలు కూడా ఇలాగే ఒంటబడతాయి. ఇక్కడ నేర్చుకున్న ఉష్ణ ప్రసారం, ద్రవాల ప్రవాహం మందుల తయారీకో కోల్డ్ స్టోరేజీకో మారినా పనికొస్తాయి. నా మొగ్గు ఎటో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. రొద, ఉక్కపోత, రోజూ కడుగుడు, ఇవి మాత్రం తప్పవు.

బయోఎనర్జీ, అంటే పేడ, పంట వ్యర్థాల నుంచి ఇంధనం తీయడం, వినడానికి బాగుంటుంది, అడిగేవాళ్లూ ఎక్కువే. కానీ బయోగ్యాస్ డైజెస్టర్‌ని (వ్యర్థాలు కుళ్లి గ్యాస్ తయారయ్యే మూసిన ట్యాంకు) 35, 37 డిగ్రీల దగ్గర నడిపితే వేసిన సరుకు లోపల ఇరవై ముప్ఫై రోజులు ఉండాలి. ఆత్రంగా ఎక్కువ మేత వేస్తే ఆమ్లం తయారుచేసే బాక్టీరియా ముందుకు దూకుతుంది, మీథేన్ చేసే సూక్ష్మజీవులు దాన్ని అందుకోలేవు, లోపలంతా పుల్లబడిపోతుంది. మళ్లీ దారిలో పడటానికి వారాలు. ఒక సెమిస్టర్లో ఎన్ని ప్రయోగాలు సాగుతాయి చెప్పండి? దీనికితోడు ముడిసరుకుగా తెచ్చే గడ్డీ గాదం బరువు తక్కువ, చోటు ఎక్కువ. లారీ నిండుతుంది కానీ తూకం రాదు, దాంతో ప్లాంటు లాభం రవాణాకే పోతుంది. అందుకే డిగ్రీలో ఎలక్టివ్‌గా తీసుకుని, ఆసక్తి నిలిస్తే పీజీలో చేయమంటాను.

మెకానికల్ చదివి తర్వాత ఇటు రావొచ్చా? రావొచ్చు. గింజ, పండు లాంటి సరుకు ఇనుములా ఒకే తీరుగా ఉండదని అలవాటు పడటానికి కొంత టైమ్ పడుతుంది, అంతే.

చేరేముందు బ్రోషర్లో ఫొటోలు కాదు, ల్యాబుకి వెళ్లి చూడండి. డ్రయ్యర్ పక్కన లాగ్‌బుక్ ఉంటుంది, చివరి ఎంట్రీ ఏ తేదీదో చూడండి. పోయినేడాదిదైతే నేను ఫుడ్ గురించి చెప్పిందేదీ ఆ కాలేజీకి వర్తించదు, అప్పుడు పొలం బాగున్న చోట మెషినరీయే తీసుకోండి.