అంతర్వేది పక్క ఊళ్ళో పాత ఇల్లు: తొమ్మిదేళ్ళు ఉన్నాక

2016లో కొన్నాం. ఉద్యోగం నర్సాపురంలో. పంటు (మనుషుల్నీ బళ్ళనీ దాటించే పడవ) మీద గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కడి నుంచి బండి మీద ఇంటికి. పన్నెండు సెంట్ల కొబ్బరి దొడ్డి, అందులో పెంకుటిల్లు, దాని ముందు తర్వాత వేసిన రెండు గదుల డాబా. రాత్రి లైట్లార్పితే సముద్రం హోరు వినపడుతుంది. ఆ హోరుకే పడిపోయాం.

నీళ్ళెలా ఉంటాయని అడిగితే మధ్యవర్తి "ఆయ్, కొబ్బరినీళ్ళేనండి" అన్నాడు. పంపు కొట్టి తాగించాడు కూడా. అది నవంబరు. వానలు వెలిసిన కొత్తలో ఇసుకనేలలో ఎవరి పంపైనా తియ్యగానే ఉంటుంది. ఇక్కడ వాననీరు ఇసుకలోకి దిగి, కింద ఉన్న ఉప్పునీటి మీద మీగడలా తేలి ఉంటుంది. ఇది తెలియక మొదటి మే నెలలో నీళ్ళందడం లేదని ఫిల్టర్ పాయింటు (సన్న గొట్టపు బోరు) అరవై అడుగులకి దింపించాను. ఆ నీళ్ళకి సబ్బు నురగ రాలేదు, కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంది. పక్కింటి పిన్నిగారు చూసి, "లోతుకెళ్తే సముద్రమే కదా బాబూ" అన్నారు. మళ్ళీ పద్దెనిమిది అడుగుల్లో వేయించి, చిన్న మోటారుతో పొద్దున ఓ ఇరవై నిమిషాలు, సాయంత్రం ఓ ఇరవై నిమిషాలు తోడుకుంటున్నాం. తాగడానికి టిన్నులే. నాలుగేళ్ళకి వెనక చేలో రొయ్యల చెరువు తవ్వారు. అప్పటి నుంచి ఆ వైపు కొబ్బరిచెట్లు రెండు మొవ్వు సన్నబడ్డాయి. ఇల్లు చూడాలంటే మే నెలలో వెళ్ళండి, నీళ్ళు నోట్లో పోసుకుని చూడండి, గోడ అవతల ఏముందో కూడా చూడండి.

ఇనుము సంగతి. గేటు గొళ్ళెం పట్టుకుంటే చేతికి ఎర్రపొడి అంటుతుంది. తాళంలో వారానికో చుక్క కొబ్బరినూనె వెయ్యకపోతే తాళంచెవి తిరగదు. ఏసీ బయటి యూనిట్ నాలుగేళ్ళకే పోయింది. డాబా శ్లాబు నుంచి పెచ్చులు ఊడిపడితే చూశాం, లోపల చువ్వలు ఉబ్బి ఉన్నాయి. మేస్త్రీ పెచ్చు చేత్తో నలిపి, సముద్రపు ఇసుక కలిపారన్నాడు. పాత పెంకుటిల్లు మాత్రం చెక్కుచెదరలేదు. తుఫానుకి పెంకులు లేస్తాయి, మళ్ళీ సర్దుకుంటాం, అంతే.

కాగితాల్లో తొమ్మిది సెంట్లే జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి. మిగతా మూడూ డీ-పట్టా, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అప్పటికి అమ్మకూడని భూమి. డబ్బు మాత్రం పన్నెండుకీ ఇచ్చాం. సర్వే నంబరు 22-ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితా) ఉందేమో ముందే చూసుకోండి. సముద్రం పోటు గీతకి 500 మీటర్ల లోపలైతే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) అనుమతి కూడా అడుగుతారు.

రాత్రి పూట జబ్బు చేస్తే టెన్షనే. పంటు ఆగిపోయాక చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి కల్యాణోత్సవాలకైతే రోడ్డు నిండా జనం. ఏడాదంతా గుర్తుకురాని చుట్టాలందరికీ ఆ వారం మేం గుర్తొస్తాం.

అయినా అమ్మం. ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం మూడింటికి పైరగాలి లేస్తుంది. అప్పుడు పెంకుటింటి అరుగు మీద పడుకుంటే ఫ్యాను అక్కర్లేదు. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు. అది ఎత్తేశాక మొదటి చందువ చేపలు వచ్చిన రోజున మా ఆవిడ ఇంకో కూర వండదు. గేటు ఈ సంక్రాంతికి మార్చాలి. ఈసారి కర్రదే.