జత కుందేళ్ల బోను: అనంతపురం ఎండల్లో వాడి చూశాక

దుకాణాల్లో అమ్మే రెండడుగుల బోను జత కుందేళ్లకు పనికిరాదు. ఈ ఒక్క ముక్క తెలుసుకోవాలని వచ్చినవాళ్లు మిగతాది చదవక్కర్లేదు. నేను వెల్డింగ్ షాపులో కొలతలిచ్చి చేయించుకున్న బోనును అనంతపురంలో కొన్నేళ్లుగా వాడుతున్నాను. అందులో ఏది నిలబడింది, ఏది దండగయింది అన్నదే ఈ సమీక్ష.

బోను పొడవు 6 అడుగులు, వెడల్పు 3, ఎత్తు 3. ఇనుప యాంగిల్ ఫ్రేము, చుట్టూ జీఐ (జింకు పూత ఇనుము) వెల్డ్ మెష్. కోళ్లకు వాడే పలచటి జాలీ చవకే కానీ కుందేలు పళ్ల ముందు అది ఆగదు. కొలతలు చెప్పినప్పుడు వెల్డింగ్ ఆయన ఎగాదిగా చూసి, "రెండు కుందేళ్లకు ఇంత ఇల్లెందుకన్నా, మనుషులే సర్దుకుంటున్నారు" అన్నాడు. నిజానికి ఇది కూడా చిన్నదే. బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ ఒక జతకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉన్న చోటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలంటుంది. అంత చోటు మా ఇంట్లో బోనుకే ఇవ్వలేం. అందుకే దాని తలుపు గ్రిల్ వేసిన వరండాలోకి తెరిచే ఉంటుంది. రాత్రిళ్లు, బయట కుక్కల గోల ఉన్నప్పుడు మాత్రం మూస్తాం.

పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం చేసింది మధ్య అడ్డు. పైనుంచి దింపి, కావాలన్నప్పుడు లాగేసే మెష్ చట్రం అది. ఒకటి కాదు, రెండు అంగుళాల ఖాళీతో రెండు చట్రాలు. ఒకే జాలీ అయితే అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి ముక్కులూ కాలివేళ్లూ కొరుక్కుంటాయి. కొత్త జతను మొదటిరోజే ఒకచోట వదిలి "అవే సర్దుకుంటాయిలే" అనుకునేవాళ్లకు చెబుతున్నా, సర్దుకోవు. తన చోటు అనుకున్న దాంట్లోకి ఇంకోటి వస్తే కుందేలు చర్మం చీలేలా కరుస్తుంది.

మా ఆడది రాగి, మగది జొన్న. అమ్మినతను రెండూ ఆడవే అన్నాడు. డాక్టరు చూశాకే జొన్న సంగతి తేలింది. అప్పటికింకా విడిగానే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. కుందేలు చూలు నెలరోజులే, ఈనిన రోజే మళ్లీ కట్టగలదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కోసం బెంగళూరు తీసుకెళ్లాం. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ఆపరేషన్ ముందు దాన్ని పస్తు ఉంచాల్సిన పనిలేదు, ఉంచితే పేగులు మందగిస్తాయి. ఎక్కడ చేయించినా ముందు ఈ ప్రశ్న అడగండి, జవాబును బట్టి అక్కడ కుందేళ్ల గురించి ఎంత తెలుసో అర్థమైపోతుంది. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా నాలుగు నుంచి ఆరు వారాల దాకా పిల్లలు పుట్టే వీలుంటుంది. ఆ వారాలన్నీ అడ్డుకు చెరోపక్కే.

ఆ రోజుల్లో చేసింది పెద్దగా ఏమీ లేదు. వాటి మూత్రం ట్రేలు అటూ ఇటూ మార్చడం, మధ్యమధ్యలో కుందేళ్లనే పక్కలు మార్చడం, ఆకుకూరలు అడ్డుకు ఆనించి పెట్టడం. పక్కవాసన అలవాటై, జాలీకి అటొకటి ఇటొకటి ఒళ్లు వాల్చి పడుకోవడం మొదలయ్యాకే కలిపాం. అదీ బోనులో కాదు, రెండూ ఎప్పుడూ అడుగుపెట్టని మిద్దెమీది గదిలో. తరుముకోవడం, ఒకదానిమీద ఒకటి ఎక్కడం మామూలే, చూస్తూ ఊరుకోవచ్చు. చెవులు వెనక్కి, తోక పైకి పెట్టి గుండ్రంగా తిరిగితే మాత్రం మందపాటి తువ్వాలు వేసి విడదీయాలి, ఉత్త చేతులు పెట్టకూడదు. జత కుదిరాక బోనంతా వెనిగర్‌తో కడిగి, సామానంతా చోటు మార్చి, అప్పుడు అడ్డు తీశాం.

తర్వాత కూడా ఆ అడ్డు ఖాళీగా లేదు. రాగికి కాలికి కట్టు కట్టినప్పుడు దింపాం. విడి గదిలో పెట్టి ఉంటే వాసన మారి జత చెడేది. డాక్టరు దగ్గరికి కూడా ఒకటికి బాగాలేకపోయినా రెండిటినీ కలిపే తీసుకెళ్తాం.

నేల విషయానికొస్తే, జాలీ నేల వద్దేవద్దు. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలుకు అరికాలి మెత్తలుండవు, బొచ్చే ఆధారం. తీగలమీద నిలబడి నిలబడి మడమలు పుండవుతాయి. మాది రేకు నేల, దానిమీద ఈతచాపలు. కొరికినా ప్రమాదం లేదు, చిరిగితే సంతలో ఇంకోటి. సగభాగంలో తాడిపత్రి బండ పరిచాను, పాలిష్ చేయనిది. ఏప్రిల్ వచ్చిందంటే రెండూ దానిమీదే పొట్ట ఆనించి పడుంటాయి. నున్నటి బండ అయితే కాళ్లు జారి పక్కలకు పోతాయి.

ఎండాకాలమే అసలు టెన్షన్. 30 డిగ్రీలకే కుందేలు ఇబ్బంది పడుతుంది, మాకు 40 దాటడం మామూలు. మన గాలి పొడిది కాబట్టి ఎయిర్ కూలర్ బాగానే పనిచేస్తుంది. కరెంటు పోతే తడి గోనెపట్టాలు బోను బయట వేలాడదీస్తాను, లోపల గడ్డకట్టించిన నీళ్ల సీసాలు రెండు పెడతాను. ఒక్కటి పెడితే రాగి దాన్ని వదలదు. అసలు జత బోనులో ఏదైనా రెండుండాలి: నీళ్లు, ట్రే, దాక్కునే పెట్టె. పెట్టెకు కూడా రెండు దారులుండాలి, లేకపోతే పెద్దరికం చూపించేది గుమ్మంలో కూర్చుని రెండోదాన్ని మూలకు తోస్తుంది. నోరు తెరిచి రొప్పుతోందంటే ఇక ఇంటి చిట్కాలు ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

పై అరుగు దండగ. పెద్దరికం కోసం దానిమీదే కొట్లాట, ఊడదీయించాను. పైనుంచి తెరిచే తలుపు కూడా వద్దు. పైనుంచి చేయి దిగితే గద్ద వచ్చినట్టే బెదురుతాయి, ముందువైపు వెడల్పాటి తలుపే మేలు. మూత్రం పడే మూలన జీఐ మెష్ కూడా తుప్పు పట్టింది, కింది వరస మార్పించాను. పెయింట్ వేయమన్నారు, కొరుకుతాయని వద్దన్నాను.

గడ్డి పెట్టే తట్టను ట్రేకు పైన బిగించండి, తింటూనే పెంటికలు వేస్తాయి కాబట్టి ఊడ్చే పని సగం తగ్గుతుంది. మా వైపు శనక్కట్టె (ఎండిన వేరుశనగ తీగ) చవకగా దొరుకుతుంది, అవి ఇష్టంగా తింటాయి కూడా. అయినా ఎదిగిన కుందేళ్లకు రోజూ వేయను. అందులో కాల్షియం ఎక్కువ, వాన తగిలిందైతే బూజు భయం. గరికే ప్రధానం.

ఇంతవరకు తీర్చుకోలేని లోపం బరువు. ఇద్దరు మనుషులు లేకపోతే కదలదు, ఊడదీస్తే తప్ప గుమ్మంలో పట్టదు. సొంతిల్లు కాబట్టి మాకు నడిచింది. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ద్వారబంధం కొలుచుకుని, పలకలు విడివిడిగా చేయించి బోల్టులతో బిగించుకోండి. కూలి కొంచెం ఎక్కువ అడుగుతారు.