చూపు కూడా తగ్గుతుంటే ఏది మేలు: చెవి మిషనా, కాక్లియర్ ఇంప్లాంటా?

రాత్రి కరెంటు పోతే మా పెద్దమ్మ కొడుకు మాటలు ఆపేసేవాడు. చీకటంటే భయమని ఏడిపించేవాళ్లం. అసలు సంగతి చాలా ఏళ్లకు తెలిసింది. మిషన్ పెట్టుకున్నా అన్నయ్య సగం మాటలు మా పెదవులు చూసే పట్టుకునేవాడు. పైగా రేచీకటి. డాక్టరు చెప్పిన పేరు అషర్ సిండ్రోమ్, రెండో రకం. వినికిడినీ చూపునూ రెండింటినీ దెబ్బతీసే జబ్బు.

లోపమున్న జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తేనే ఇది బయటపడుతుంది. మేనరికాల ఇళ్లలో ఆ అవకాశం ఎక్కువ. మొదటి రకం పిల్లలకు పుట్టుకతోనే దాదాపు ఏమీ వినపడదు. లోచెవిలో ఒంటి తూకం, అంటే పడిపోకుండా నిలబెట్టే బ్యాలెన్స్, చూసే భాగమూ పనిచేయదు కాబట్టి నడక ఏడాదిన్నర దాటాక గానీ రాదు. చిన్నతనంలోనే రేచీకటి మొదలవుతుంది. రెండో రకంలో కొంత వినపడుతుంది, తూకం బాగుంటుంది. చూపు మాత్రం టీనేజీ నుంచి అంచులు కరిగిపోతూ గొట్టంలోంచి చూసినట్టవుతుంది.

చెవి మిషన్ శబ్దాన్ని పెద్దది చేస్తుంది, అంతే. దాన్ని అందుకునే కణాలు లోచెవిలో మిగిలి ఉండాలి. ఆపరేషన్ చేసి లోచెవిలో అమర్చే ఇంప్లాంట్ ఆ కణాలతో పని లేకుండా ఎలక్ట్రోడ్లతో నేరుగా వినికిడి నరాన్ని తడుతుంది. కానీ ఆపరేషన్లో ఆ చెవికి మిగిలిన కాస్త సహజ వినికిడి కూడా పోవచ్చు.

మొదటి రకం పాపకైతే నా ఓటు ఇంప్లాంట్‌కే, అదీ ఏడాది వయసుకు అటూఇటూగా. సైగల భాష చాలదా అంటారు. చూపున్న బధిరులకు చాలు, నేను వాదించను. అయితే ఈ పాపకు సాయంత్రమైతే సైగ కనపడదు.

రెండో రకానికి ముందు మిషనే. ఎప్పుడు మారాలన్నదే తకరారు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే అన్నీ అర్థమవుతున్నట్టే ఉంటుంది. ఓసారి వదిన వెనక నిలబడి ‘పప్పు చెయ్యనా, చారు పెట్టనా?’ అంది. అన్నయ్య ‘ఆ, సరే’ అన్నాడు. మేం వినికిడి పరీక్షించే ఆడియాలజిస్ట్ దగ్గరికి పరుగెత్తింది ఆ రోజే. పరీక్ష పెదవులు చూపించకుండా చేయమని అడగండి.

ఇక ఒక చెవికా, రెండింటికా? శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ పనిచేయాలి. చూపున్నవాడు హారన్ వినపడగానే తల తిప్పి చూసుకుంటాడు, అన్నయ్యకు ఆ వీలు లేదు. బ్రిటన్‌లో ఏ చికిత్స ఎవరికివ్వాలో చెప్పే ప్రభుత్వ సంస్థ నైస్ (NICE) 2009 నాటి మార్గదర్శకాలు పెద్దవాళ్లకు ఒక చెవికే సిఫార్సు చేసినా, చూపు లేనివాళ్లకు రెండింటికీ చేయవచ్చన్నాయి. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆపరేషన్ వల్ల ఒంటి తూకం దెబ్బతినే ప్రమాదముంది. మొదటి రకంవాళ్లకు అదెలాగూ లేదు, పోయేదేం లేదు. చూపు తగ్గిన రెండో రకంవాళ్లు చీకట్లో నడిచేది ఆ తూకం మీదే. అందుకే మేం ఒక చెవికి ఇంప్లాంట్, రెండో చెవికి పాత మిషన్ అనుకున్నాం. ఖర్చు కూడా ఒక కారణమే. ఆరోగ్యశ్రీ లాంటివి చిన్నపిల్లలకే, పెద్దవాళ్లకు లక్షలు సొంతంగా పెట్టుకోవాలి.

ఇంప్లాంట్ ఆన్ చేసిన రోజు అన్నయ్య, వదిన గొంతు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుందన్నాడు. అది గొంతులా మారడానికి నెలలు పట్టింది. మ్యాపింగ్‌కి, అంటే ఇంప్లాంట్ సెట్టింగులు మనిషికి తగ్గట్టు సరిచేయించుకోవడానికి, వెళ్తే మైకుల సంగతి మాట్లాడండి. ఎదుటి మాట మీదే గురిపెట్టే సెట్టింగ్ హోటల్లో హాయిగానే ఉంటుంది, రోడ్డు మీద వెనక నుంచి వచ్చే బస్సును తగ్గించేస్తుంది. బ్యాటరీ మార్చడం కళ్లు మూసుకుని నేర్చుకోవాలి.

పడుకునేటప్పుడు ప్రాసెసర్, అంటే శబ్దాన్ని పట్టి ఇంప్లాంట్‌కి పంపే బయటి భాగం, తీసేస్తాడు, అప్పుడు ఏ శబ్దమూ లేదు. అందుకని వదిన అరచేతిలో వేలితో అక్షరాలు రాయడం అలవాటు చేసుకుంది. మొన్న రాత్రి రాసింది: గ్యాస్ కట్టేశావా?