జాగ్రత్త: "క్యాంప్‌సైట్ ఉంది, ట్రాన్స్‌ఫర్ చేస్తా" అనే పోస్టు కనిపిస్తే డబ్బు పంపకండి

బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) తెలుగు గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి నేను ఎవరి గురించి రాస్తున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది. "కన్ఫర్మ్‌డ్ సైట్, ఏటి పక్కనే, ఫ్యామిలీస్ ఓన్లీ" అంటూ ప్రతి లాంగ్ వీకెండుకి ముందు పోస్టు పెడతాడే, ఆయనే. డీపీలో టెంటు ముందు గిటారు పట్టుకుని నవ్వుతూ ఉంటాడు. పేరు రాయను. రాస్తే గ్రూపులోంచి తీసేస్తారని కాదు, ఎలాగూ తీసేశారు.

టూకీగా చెప్తాను. అత్తయ్యగారు, మావయ్యగారు విజయవాడ నుంచి వచ్చారు, నెలాఖరుకి వెళ్ళిపోతున్నారు. పిల్లలేమో తాతయ్యతో టెంటులో పడుకోవాలని ఒకటే గోల. సియెర్రా కొండల్లో ఎక్కడ చూసినా సైట్లు ఖాళీ లేవు. మా ఆయన "హోటల్ తీసుకుందాం, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. మనకి తెలివి ఎక్కువ కదా, గ్రూపులో వెతికాను. ఈయన దొరికాడు. "అక్కా, మీకోసమే ఆపాను అక్కా, పొద్దుటి నుంచి నలుగురు అడిగారు" అన్నాడు. నేషనల్ ఫారెస్ట్ క్యాంప్‌గ్రౌండు, రెండు రాత్రులు, 240 డాలర్లు. అసలు ఫీజు అన్నీ కలిపినా 80 దాటదు. జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే యాప్) పంపాను. కన్ఫర్మేషన్ స్క్రీన్‌షాట్ పంపాడు, అది నిజమైనదే. దొంగ బుకింగ్ కాదు. అందుకే ఇది రాస్తున్నాను. నకిలీదైతే మీరే పట్టేస్తారు, ఇది అంతకంటే దరిద్రమైన మోసం.

శనివారం మధ్యాహ్నం చేరేసరికి గేటుకి అడ్డంగా గొలుసు, దానికో తాళం. పక్కన స్తంభానికి ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం. నీటి సరఫరా పనిచేయడం లేదు, ఈ సీజనుకి క్యాంప్‌గ్రౌండు మూసేశాం అని దాని సారాంశం. కాగితం మీద తేదీ చూస్తే పది రోజుల కిందటిది. గొలుసు అవతల సైట్లన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. కుళాయికి పసుపు రంగు సంచీ చుట్టి టేపు వేశారు. ఎలుగుబంట్లకి అందకుండా తిండి పెట్టుకునే ఇనప పెట్టె ఒకటి తలుపు బార్లా తెరుచుకుని ఉంది, నిండా పైను ఆకులు. వెనక డిక్కీలో నా కూలర్, దాన్నిండా మసాలా పట్టించిన చికెను, అత్తయ్య తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోర.

మావయ్యగారు ఇరిగేషన్‌లో ఏఈగా రిటైరయ్యారు. కాగితం నాతో రెండుసార్లు చదివించుకుని, "మోటారు పాడైతే క్యాంపు మూసేస్తారా? అమెరికాలో?" అన్నారు. ఏం చెప్పను.

అక్కడ సిగ్నల్ లేదు. వెనక్కి కొండ దిగి రేంజర్ ఆఫీసుకి వెళ్ళాం. కౌంటర్లో ఉన్న పెద్దావిడ చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ బోరు పంపు మార్చాలని ఏళ్ళుగా అడుగుతున్నారట, మనుషులు కూడా తగ్గిపోయారట, ఇక ఈ ఏడాదికి తెరిచే ఆశ లేదంది. బుకింగ్ ఉన్న అందరికీ ఈమెయిల్ వెళ్ళిందనీ, డబ్బులు పూర్తిగా వెనక్కి వేసేశారనీ కూడా చెప్పింది. "మీకు రాలేదా?" అని ఆశ్చర్యపోయింది. వాళ్ళంతట వాళ్ళే మూసేస్తే సైట్ ఫీజే కాదు, ఆన్‌లైన్ రిజర్వేషన్‌కి తీసుకునే 8 డాలర్లు కూడా ఇచ్చేస్తారు. అది బుక్ చేసిన కార్డుకే వెళ్తుంది.

ఆ పార్కింగ్ లాట్‌లోంచే ఫోన్ చేశాను. ఆ కాల్ ఇంకా నా చెవుల్లో మోగుతూనే ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మూసేశారని చెప్తే "అయ్యో, ఫైర్ సీజన్ కదా మేడమ్, నేచర్ మన చేతుల్లో ఉండదు" అన్నాడు. డబ్బు చేతిలో పడేదాకా అక్కని, పడ్డాక మేడమ్‌ని. ఫైర్ కాదు బాబూ, బోరు మోటారు అన్నాను. "ఏదైనా అంతేలెండి. నో రిఫండ్ అని ముందే పెట్టాను కదా."

"మీకు రిఫండ్ వచ్చిందట కదా" అన్నాను.

చప్పుడు లేదు. వెనక టీవీలో క్రికెట్ కామెంటరీ వినిపిస్తోంది. కాసేపాగి, "వచ్చి ఉండొచ్చు, నేను చూడలేదు" అన్నాడు. ఇప్పుడు చూడండి అన్నాను. నిజంగా చూశాడో, చూసినట్టు నటించాడో కానీ, "ఆ, వచ్చింది. అది నా కార్డుకి వచ్చింది మేడమ్. బుకింగ్ నా పేరు మీద, కార్డు నాది. నా డబ్బు నాకు రాక మీకొస్తుందా?" అన్నాడు.

మరి నేనిచ్చిన 240?

"అది నా సర్వీస్‌కి. ఆరు నెలల ముందు పొద్దున్నే లేచి, లాగిన్ అయి కూర్చుంది ఎవరు? మీరా?"

నాకు నోట మాట రాలేదు. పక్కన మావయ్యగారు ఉన్నారు కాబట్టి రాకపోవడమే మంచిదైంది. ఈమెయిల్ వచ్చిన రోజే ఒక్క మెసేజ్ పెట్టి ఉండొచ్చు కదా, మేం పెద్దవాళ్ళని, పిల్లల్ని వేసుకుని ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు కదా అన్నాను. దానికి ఆ మహానుభావుడి జవాబు వినండి: "నాకు నలభై బుకింగులు ఉంటాయి మేడమ్, అందరికీ చెప్పుకుంటూ కూర్చోవాలంటే ఎలా? పోనీ ఒక పని చేద్దాం. వచ్చే వారానికి నా దగ్గర ఇంకో సైట్ ఉంది. మీరు కాబట్టి 20 డాలర్లు తగ్గిస్తాను."

తగ్గిస్తాడట! ఆ తర్వాత నన్ను బ్లాక్ చేశాడు. గ్రూపులో పెడితే అడ్మిన్ గారు "ఇది ఫ్యామిలీ గ్రూప్, నెగెటివిటీ వద్దు" అని పోస్టు తీసేసి, నన్నూ తీసేశారు. బ్యాంకుకి ఫోన్ చేస్తే, మీరే పంపిన డబ్బు, మేమేం చేయలేం అన్నారు.

ఇంటికి వచ్చేదాకా మావయ్యగారు ఆ మోటారు గురించే అడుగుతూ ఉన్నారు. నిజానికి సరైన ప్రశ్న అదే. ఈ గిటారు మనిషి వ్యాపారం నడిచేది ఆ మోటారు పాడైనందుకే. ఉన్న సైట్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే మిగిలినవాటికి బ్లాకు మార్కెట్ పుడుతుంది. తిరుమలలో గదుల దగ్గర దళారులు తిరిగినట్టే. వచ్చినప్పటి నుంచి కోపంతో ఇదే చదువుతున్నాను, కాబట్టి కొంచెం భరించండి.

యోసెమిటీ నేషనల్ పార్కునే చూడండి. 1997 జనవరి వరదల్లో లోయలో అప్పర్ రివర్, లోయర్ రివర్ క్యాంప్‌గ్రౌండ్లు దెబ్బతింటే, మళ్ళీ తెరవనే లేదు. ఆ తర్వాత బే ఏరియాకి ఎంతమంది వచ్చారో మనకి తెలుసు, మనమే వచ్చాం. ట్యువాలమీ మెడోస్‌లో 300 పైచిలుకు సైట్లుంటాయి, ఆ పార్కులో అన్నిటికంటే పెద్దది. దాన్ని బాగుచేయడానికి 2022లో మూసి, 2025 ఆగస్టులో తెరిచారు. పోనీ అది తెరిచారు, సంతోషం. మనకి దగ్గర్లో ఉన్న బిగ్ బేసిన్ రెడ్‌వుడ్స్ 1902 నాటిది, కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో మొట్టమొదటిది. 2020 ఆగస్టు మంటల్లో దాదాపు మొత్తం కాలిపోయింది. 2022లో మళ్ళీ తెరిచినా అది పగలు చూసి రావడానికే, రాత్రి ఉండటానికి కాదు. సియెర్రా అడవుల్లో అయితే 2012 తర్వాతి కరువు, బెరడు తొలిచే పురుగులు కలిసి రాష్ట్రంలో 10 కోట్లకు పైగా చెట్లని చంపేశాయి. ఎండిన చెట్టు టెంటు మీద పడితే మనుషులు పోతారు, అందుకని వాటిని కొట్టేదాకా కొన్ని క్యాంపులు మూసి పెట్టారు.

ఇవన్నీ దేవుడి లెక్క అనుకుందాం. మనుషుల లెక్క ఇంకోటి ఉంది. నేషనల్ పార్కుల్లో వాయిదా వేస్తూ వచ్చిన మరమ్మతుల విలువే సుమారు 2,300 కోట్ల డాలర్లు. రోడ్లు, మురుగు పైపులు, ఇలాంటి బోరు మోటార్లు. దాన్ని తగ్గించడానికని 2020లో చట్టం చేసి ఐదేళ్ళకి డబ్బు కేటాయించారు. ఆ ఐదేళ్ళు 2025తో అయిపోయాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో పార్క్ సర్వీసులో దాదాపు వెయ్యి మందిని ఒక్కసారిగా తీసేశారు, ఫారెస్ట్ సర్వీసులో ఇంకా ఎక్కువమందిని. తర్వాత కోర్టులు కల్పించుకుని కొందరిని వెనక్కి తీసుకోమన్నాయి. ఈలోపు టాయిలెట్లు కడిగేది ఎవరు? మనుషులు లేకపోతే ఏమవుతుందో 2019 జనవరిలోనే చూశాం. బడ్జెట్ పాసవక ప్రభుత్వం షట్‌డౌన్‌లో ఉండగా జాషువా ట్రీ నేషనల్ పార్కులో టాయిలెట్లు నిండిపోయి క్యాంపులు మూసేయాల్సి వచ్చింది.

రాష్ట్రం వాళ్ళూ తక్కువేం తినలేదు. 2011లో డబ్బుల్లేవు, 70 స్టేట్ పార్కులు మూసేస్తాం అన్నారు. పాపం జనం చందాలేసుకుని, స్వచ్ఛంద సంస్థలు ముందుకొచ్చి చాలావాటిని కాపాడుకున్నారు. తీరా 2012 జులైలో చూస్తే అదే పార్కుల శాఖ ఖాతాల్లో ఎవరికీ చెప్పకుండా దాచిన 5 కోట్ల 40 లక్షల డాలర్లు బయటపడ్డాయి. డైరెక్టరు రాజీనామా చేసింది. మా గిటారు మనిషి దాచింది 80 డాలర్లే, ఆ లెక్కన చిన్నవాడే.

ఇంకో మాట కూడా అనాలి, తిట్టుకుంటారేమో. మనలో చాలామంది ఈ అమ్మకాన్ని తప్పుగా చూడటం లేదు. "పాపం కష్టపడి బుక్ చేశాడు, నాలుగు డాలర్లు వేసుకుంటే ఏం" అంటున్నారు. అతను ముప్పై, నలభై సైట్లు పట్టుకుని కూర్చోబట్టే కదా మనకి వెబ్‌సైట్లో ఖాళీ కనిపించడం లేదు. అమ్ముడుపోనివి చివరి నిమిషంలో వదిలేస్తాడు. ఆ రాత్రి ఆ సైట్ ఖాళీగా పడి ఉంటుంది, బయట రోడ్డు మీద కార్లలో జనం నిద్రపోతుంటారు.

సరే, మీరు చేయాల్సింది చెప్పి ముగిస్తాను, చికెను ఇంకా ఫ్రిజ్‌లో అలాగే ఉంది.

ఈ సైట్లన్నీ బుక్ చేసే ప్రభుత్వ వెబ్‌సైటు రిక్రియేషన్ డాట్ గవ్‌లో బుకింగు అమ్మడం నిబంధనలకి విరుద్ధం. యోసెమిటీలాంటి చోట బుకింగ్‌లో పేరున్న మనిషి ఫొటో ఐడీతో రావాలి, కాబట్టి క్యాంపు తెరిచి ఉన్నా మిమ్మల్ని వెనక్కి పంపేయొచ్చు. ఎవరి దగ్గరా కొనకండి. ఇప్పటికే కొన్నవాళ్ళు ఈ రోజే ఆ క్యాంప్‌గ్రౌండు పేజీ తెరిచి పైన నోటీసులు చదవండి, ఆ పరిధిలోని రేంజర్ ఆఫీసుకి ఒక ఫోన్ కొట్టండి. మూసేశారని తెలిస్తే అమ్మినవాడికి రిఫండ్ వచ్చేసిందనే లెక్క. అతను ఇంకా మిమ్మల్ని అక్కా, అన్నా అంటున్నప్పుడే అడిగేయండి. సైటు కావాలంటే అదే వెబ్‌సైట్లో ఖాళీ అయితే కబురు పెట్టే అలర్ట్ ఉంది, పైసా ఖర్చు లేదు. వారం మధ్య రోజులకి పెట్టుకుంటే దొరికే అవకాశం ఎక్కువ.

ఈయన ఇప్పుడు శాక్రమెంటో గ్రూపులో వేరే నంబరుతో పోస్టులు పెడుతున్నాడని ఒకరు చెప్పారు. అదే డీపీ, అదే గిటారు. అతనికి డబ్బు పంపినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, చాట్ స్క్రీన్‌షాట్లన్నీ కలిపి రిక్రియేషన్ డాట్ గవ్ వాళ్ళకి ఒకేసారి కంప్లైంట్ ఇద్దాం.