1,250 రూపాయల డీవీడీ రైటర్, 60 రూపాయల వైరు

మా ఇంట్లో డెస్క్‌టాప్ 2009లో కొన్నది. ప్రాసెసర్ కోర్ 2 డ్యువో, మదర్‌బోర్డు జీ31. మధ్యలో ర్యామ్ 4 జీబీకి పెంచి, హార్డ్‌డిస్క్ కన్నా వేగమైన ఎస్ఎస్‌డీ వేయించాక, పిల్లల ప్రింట్లకీ నా లెక్కలకీ ఇప్పటికీ సరిపోతోంది. దాని డీవీడీ డ్రైవ్ మాత్రం రెండేళ్లుగా మొండికేసింది. బటన్ నొక్కితే లోపల గుర్రుమంటుంది గానీ ట్రే రాదు, పేపర్ క్లిప్పు సాగదీసి ముందున్న చిన్న బెజ్జంలో గుచ్చితే అప్పుడు బయటికొస్తుంది. లోపలి రబ్బరు బెల్టు సాగిపోతే ఇంతే. అలాగే నెట్టుకొచ్చేవాణ్ని, కానీ మొన్న నెల్లూరు నుంచి అమ్మ వస్తూ మా పెళ్లి డీవీడీలు మూడూ సంచిలో వేసుకొచ్చింది, "ఒకసారి పెట్టరా, చూద్దాం" అని.

ముందు మా బావమరిది దగ్గర యూఎస్‌బీ డ్రైవ్ అడిగి తెచ్చా. మొదటి డిస్కు బాగానే పాడింది, రెండోది తలంబ్రాల దగ్గర బిగుసుకుపోయింది. ఇలాంటి పల్చటి డ్రైవ్‌లు యూఎస్‌బీ ఇచ్చే కరెంటుతోనే తిరగాలి, మా పాత సీపీయూ ముందు పోర్టేమో ఎప్పట్నుంచో వదులు. తప్పు డ్రైవ్‌దో పోర్టుదో తేల్చుకునే ఓపిక లేక, లోపల బిగించేదే కొందామని చెన్నైలో కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కి వెళ్లా. బండి మీద వెళ్లకండి, పెట్టడానికి చోటుండదు. మెట్రోలో గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్లో దిగి నడిచిపోవచ్చు.

కొట్టు పేరు రాయను. నా అరవం రెండు ముక్కలు వినగానే కుర్రాడు "ఆంధ్రానా సార్?" అని తెలుగులోకి దిగిపోయాడు. "మీ పాతది ఐడీఈనా, సాటానా? వైరు వెడల్పు పట్టీలా ఉందా, సన్నగా ఉందా?" అని అడిగాడు. పట్టీనే, అంటే పాత రకం ఐడీఈ కనెక్షన్. ఇప్పుడు కొత్తవన్నీ సాటాయే, మీ బోర్డు మీద సాటా పోర్టులుంటే చాలు అన్నాడు. జీ31లో నాలుగుంటాయి, దిగుల్లేదు. డ్రైవ్ 1,250, సాటా కేబుల్ 40. బిల్లు అడిగితే గానీ ఇవ్వలేదు, అదొకటి నచ్చలేదు. ఏడాది వారంటీకి ఆ కాగితమే కదా ఆధారం.

ఇంటికొచ్చి సీపీయూ విప్పితే అసలు సంగతి బయటపడింది. లోపలి భాగాలకి కరెంటు పంచే మా ఎస్ఎంపీఎస్‌కి సాటా పవర్ పిన్ను ఒక్కటే ఉంది, అది ఎస్ఎస్‌డీకి పోయింది. కుర్రాడు ఆ ప్రశ్న అడగలేదు, నాకూ తట్టలేదు. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకి మార్చే వైరు కోసం మర్నాడు మళ్లీ వెళ్లా. 60 రూపాయలు, దాని కోసం ఒక పూట. ఆ వైర్లలో రెండు రకాలుంటాయి. ప్లాస్టిక్ పోతపోసి మూసేసినవి తీసుకోకండి, లోపల వైర్లు ఒకదానికొకటి ఆనుకుని షార్టయి కాలే ప్రమాదముంది. వైర్లు విడివిడిగా గుచ్చినట్టు కనిపించే రకం అడగండి.

బిగించడం పావుగంట పని. పెట్టెలో మరలు రాలేదు, పాత డ్రైవ్‌వే వాడా. హార్డ్‌డిస్క్ మరలు ముతక, వీటివి సన్నం, అవి తెచ్చి ఇక్కడ బలవంతంగా తిప్పితే గాడి పోతుంది. అంతా అయ్యాక స్విచ్చేస్తే డ్రైవ్‌లో చలనం లేదు, లైటూ లేదు. కొత్తదే పోయిందా అని టెన్షన్. తీరా చూస్తే మోలెక్స్‌లో ఒక పిన్ను వెనక్కి జారిపోయి ఉంది. కరెంటు తీసేసి, పట్టకారుతో పిన్ను ముందుకు లాగి మళ్లీ గుచ్చితే ట్రే సర్రున బయటికొచ్చింది. రెండేళ్ల తర్వాత క్లిప్పు లేకుండా!

పెట్టె మీద 24ఎక్స్ అని పెద్దక్షరాలు చూసి మురిసిపోకండి. అది రాసే వేగం, డీవీడీ చదవడం 16ఎక్స్ వరకే. అంటే సెకనుకి దాదాపు 22 ఎంబీ, అదీ డిస్కు అంచు దగ్గరికి వచ్చాక. గీతలు పడ్డ డిస్కయితే డ్రైవ్ తనంతట తనే నెమ్మదిస్తుంది. మా మొదటి డిస్కు పది నిమిషాల లోపే కాపీ అయింది, తలంబ్రాల డిస్కుకి 40 నిమిషాలు పట్టింది, కానీ మొత్తం వచ్చింది. చప్పుడుంది, పక్క గదిలో మిక్సీ తిరుగుతున్నట్టు. విండోస్ 10లో డీవీడీ సినిమా నేరుగా పాడదు, వీఎల్‌సీ వేసుకోండి, ఉచితమే.

నా మార్కులు డ్రైవ్‌కి అయిదుకి నాలుగు, కొట్టుకి మూడు.

మూడో డిస్కు ఇంకా తేలలేదు. డీవీడీలో రాత లోపలి నుంచి అంచుకి వెళ్తుంది, మాది అంచు దగ్గరే పొరలా తెల్లబడింది, చివరి పది పన్నెండు నిమిషాలు ఏం చేసినా రావట్లేదు. భోజనాలే కదమ్మా, పోతే పోయాయిలే అన్నా. "మీ పెద్దమామ వడ్డిస్తా కనబడేది అందులోనే రా" అంది అమ్మ.