పెండ్లిపత్రికల అట్టతో సీసీఎన్‌ఏ కార్డులు

నెట్‌వర్క్ పని మీద సిస్కో కంపెనీ పెట్టే సీసీఎన్‌ఏ పరీక్షకు చదువుతున్నవాళ్లు ఎవరో చేసిన ఫ్లాష్ కార్డులు (ముందు ప్రశ్న, వెనక జవాబు ఉండే అట్టముక్కలు) తెచ్చుకోవద్దు, మీ చేత్తో మీరే రాసుకోండి. నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో కంప్యూటర్లు, కెమెరాలు, నెట్‌వర్క్ చూసుకుంటాను. నల్లగొండ నుంచి రోజూ బస్సులో పోయివస్తూనే ఈ పరీక్ష పాసయ్యాను. అందులో నాకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చినవి ఈ అట్టముక్కలే.

ముందు అట్ట సంగతి. మామూలు చార్టు పల్చన. స్కెచ్ పెన్నుతో రాస్తే వెనకున్న జవాబు ముందే కనబడిపోతుంది. ప్రకాశంబజార్ దగ్గర పెండ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో అడిగితే మిగిలిన ముక్కలు తీసిచ్చారు. "గివి ఏం జేస్కుంటరక్కా?" అన్నాడు అక్కడి పిల్లగాడు. పరీక్ష కోసమని చెప్తే కటింగ్ మిషన్ మీద పెట్టి అన్నీ ఒక్క సైజుకు కోసిచ్చాడు. సైజు ఒక్కటే ఉండాలి, లేకుంటే ప్రశ్న చదవకముందే అంచు చూసి కార్డును గుర్తుపట్టేస్తాం. నిగనిగలాడే అట్ట వద్దు, జెల్ పెన్ను సిరా ఆరక చేతికంటుతుంది. మెరుపు లేని 300 జీఎస్‌ఎం అట్ట మీద బాల్‌పెన్ను శుభ్రంగా పడుతుంది.

మూలన పంచ్ కొట్టి ఫైలు ట్యాగు కట్టాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి పొద్దున బస్సులో సీటు దొరికేది తక్కువ. ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, ట్యాగు ఇంకో చేతి వేలికి తగిలించుకొని తిప్పుకోవచ్చు. తిప్పర్తి వచ్చేసరికి ఒక కట్ట అయిపోయేది. ట్యాగుతో ఒక చిక్కుంది. వరస మారదు కాబట్టి, జవాబు రాకున్నా తర్వాత ఏ కార్డు వస్తుందో గుర్తుండిపోతుంది. అందుకని ఇంటికొచ్చాక ట్యాగు తీసి, పేకముక్కల్లా కలిపి మళ్లీ కట్టాలి.

ఈ పరీక్షకు 120 నిమిషాలు. ఒక ప్రశ్న దాటి ముందుకెళ్తే మళ్లీ వెనక్కి రావడానికి లేదు. అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (ఒకే చోటికి దారి రెండు మూడు రకాలుగా తెలిస్తే దేన్ని నమ్మాలో రౌటరుకు చెప్పే అంకె) మనం చేత్తో రాసే స్టాటిక్ రూటుకు 1, రూటింగ్ ప్రోటోకాళ్లలో ఈఐజీఆర్‌పీకి 90, ఓఎస్‌పీఎఫ్‌కు 110, రిప్‌కు 120 అన్నది అక్కడ కూర్చొని ఆలోచించే విషయం కాదు, చూడగానే తట్టాలి. దూరం నుంచి పరికరంలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు 22, టెల్నెట్ 23, స్విచ్‌ల మధ్య లూపులు రాకుండా చూసే స్పానింగ్ ట్రీలో బ్రిడ్జి డిఫాల్టు ప్రయారిటీ 32768, ఇవన్నీ అంతే. ఒక కార్డు మీద ఒక్క ప్రశ్నే రాయాలి. కంప్యూటర్లకు ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వరు పోర్టు 67, క్లయింటుది 68 అని రెండూ ఒక్కదాని మీద రాస్తే సగం వచ్చినా వచ్చిందనే అనుకుంటాం.

ప్రశ్నలు తెలుగులో రాసుకున్నాను. మా అమ్మకు ఇంగ్లీషు చదవరాదు, తెలుగు, అంకెలు బాగా చదువుతుంది. రాత్రి అన్నాలు తిన్నాక అమ్మ అడిగేది, నేను చెప్పేదాన్ని. తప్పు చెప్తే కార్డు పక్కన పెట్టేసేది, "జరంత" అన్నా ఒప్పుకునేది కాదు. మిఠాయి డబ్బాలో మూడు అరలు చేసి, తప్పినవి రోజూ, వచ్చినవి మూడు రోజులకోసారి, గట్టిగా వచ్చినవి వారానికోసారి చూశాను. ఇలా అరలు మార్చే పద్ధతిని 1972లో జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చాడు. ఊరికే చదవడానికీ జవాబు గుర్తుచేసుకోవడానికీ ఉన్న తేడాను అమెరికా మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో పరీక్షించి చూపించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. బస్సులో నోట్సు తిరగేయడం మాని కార్డులు పట్టుకోమని నేను చెప్పేది ఇందుకే.

నెట్‌వర్క్‌ను చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టే సబ్‌నెట్టింగ్‌కు మాత్రం కార్డులు చాలవు. 192.168.10.77/27 ఏ నెట్‌వర్క్‌లో ఉందని రాసుకుంటే, రెండుసార్లు చూశాక లెక్క చేయకుండానే 64 అనేస్తాం. కార్డు మీద /27 అంటే 32 అడ్రసుల బ్లాకు అన్నంత వరకే ఉంచి, లెక్కలు రోజూ కొత్త అంకెలతో చిత్తుకాగితం మీద చేయాలి. కాన్ఫిగరేషన్ సంగతీ అంతే, కంప్యూటరులోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టుకునే ప్యాకెట్ ట్రేసర్‌లో కమాండ్లు కొట్టి, ఏది ఎందుకు ఆగిందో వెతికితేనే వస్తుంది.

యాంకీ యాప్ కంప్యూటరులో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఏ కార్డు ఎప్పుడు చూడాలో అదే చెప్తుంది. అరలు సర్దే ఓపిక లేనివాళ్లు అది వాడుకోవచ్చు, కానీ కార్డులు మాత్రం సొంతంగా ఎక్కించుకోండి. పాఠంలోంచి ప్రశ్న తీసి, జవాబును ఒక్క ముక్కలో రాయాలంటే ముందు ఆ పాఠం అర్థమై తీరాలి. సగం చదువు అక్కడే అయిపోతుంది.

పాత కార్డులు ఎవరైనా ఇస్తే సిలబస్‌తో సరిచూసుకోండి. 2024 ఆగస్టులో సీసీఎన్‌ఏ పరీక్ష (దాని కోడ్ 200-301) 1.1 వెర్షన్‌కు మారింది. పరికరాల సెట్టింగులు ఆటోమేటిక్‌గా చేసే టూళ్లలో పప్పెట్, షెఫ్ పోయి యాన్సిబుల్ పక్కన టెర్రాఫామ్ వచ్చింది, మెషిన్ లెర్నింగ్ కూడా చేరింది. ఆ పాతవి తీసేసి, కొత్తవాటికి కొన్ని ఖాళీ ముక్కలు ఎక్కువగానే కోయించుకోండి.