మూడేళ్ళుగా మిరియం నాకుతున్న రబ్బరు బొమ్మ

కాంగ్ క్లాసిక్: ఇంట్లో ఒంటరిగా ఉండే కుక్కకు కాలక్షేపంగా లోపల తిండి నింపి ఇచ్చే బొమ్మ. మాది ఎరుపు రంగు, పెద్ద సైజు. కొని మూడేళ్ళు దాటింది. వారానికి ఐదు రోజులు, ఒక్కోసారి ఆరు రోజులు వాడుతున్నాం. ఇలాంటి వస్తువు సంగతి ఇంతకాలం వాడితే తప్ప తేలదు. కొన్న మొదటి రోజున అడిగి ఉంటే ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని, వారం తర్వాత అడిగి ఉంటే రెండు.

ముందు వాడేవారి గురించి చెప్పాలి. మిరియం దేశీ కుక్క, పేరుకు తగ్గట్టే నలుపు, బరువు 17 కిలోలు. మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక కారు కింద దొరికింది. మియాపూర్‌లో మాది రెండు గదుల ఫ్లాటు; ఉండేది నేనూ మా తమ్ముడూ. ఇద్దరం తొమ్మిదిన్నరకు మెట్రోకి పరుగెడితే మళ్ళీ తలుపు తీసేది సాయంత్రం ఆరున్నరకే. మొదటి ఏడాది ఆ తొమ్మిది గంటల్లో జరిగినవన్నీ రాయను. చెప్పుల్లో ఎప్పుడూ ఎడమ కాలిదే ఎందుకు కొరికేదో మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒక సాయంత్రం కింది ఫ్లాటు పిన్నిగారు మెట్ల దగ్గర ఆపి, "అమ్మాయ్, మీ కుక్క రెండు గంటలకల్లా రాగం అందుకుంటోంది. నేను కునుకు తీసేదే అప్పుడు" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది.

మొదట కొన్నది కాంగ్ కాదు, దాన్ని చూసి చేసిన నకలు. రెండు వందల యాభై రూపాయలకు వస్తోందని సంబరపడ్డాను. పది రోజులకు మిరియం గులాబీ రంగు రబ్బరు ముక్క ఒకటి కక్కింది. ఎక్స్‌రేకు, మందులకు అయిన ఖర్చుతో అసలు బొమ్మలు మూడు వచ్చేవి. దానికి ఇంకో లోపం ఉందని డాక్టరుగారు చూపించేదాకా నాకు తెలియలేదు: ఒకే రంధ్రం. ఇలాంటి బొమ్మకు రెండో వైపు కూడా చిన్న రంధ్రం ఉండాలి. లేకపోతే కుక్క నాలుక లోపలికి పెట్టి నాకుతుంటే గాలి ఆడక, నాలుక అందులోనే బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఏ కంపెనీ బొమ్మ కొన్నా సరే, రేటు కంటే ముందు ఆ రెండో రంధ్రం చూడండి.

అసలుది అప్పట్లో దాదాపు వెయ్యి రూపాయలు పడింది. దీని పుట్టుక కథ నాకు భలే నచ్చింది. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అని ఒక జర్మన్ షెపర్డ్ ఉండేదట. రాళ్ళు కొరికి పళ్ళు అరగదీసుకునేది. ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగు చేసుకుంటూ విడిభాగాలు ఒక్కొక్కటే విసురుతుంటే, సస్పెన్షన్‌లోని ఒక రబ్బరు ముక్కను ఫ్రిట్జ్ పట్టుకుని ఇక వదల్లేదు. ఈ బొమ్మ ఆకారం అక్కడి నుంచి వచ్చిందే. ఇంతా చేసి ఇది లోపల డొల్లగా ఉన్న రబ్బరు ముక్క, అంతే. మూడు ఉండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. కింద పడితే ఎటు ఎగురుతుందో చెప్పలేం.

మొదటి వారం నేను చేసిన తప్పు అందరూ చేసేదే. పొడి మేత గుప్పెడు లోపల పోసి ఇచ్చి, తాళం వేసి వెళ్ళిపోయాను. పాత ఫోనును కెమెరాగా పెట్టి సాయంత్రం చూస్తే, మూడు నిమిషాల్లో బొమ్మ ఖాళీ. తర్వాత అది సోఫా కిందికి దొర్లింది, మిరియం మళ్ళీ చెప్పుల దగ్గరికి వెళ్ళింది. బొమ్మ మోసం చేసిందనుకున్నాను. నిజానికి నేను దానికి పనేమీ పెట్టలేదు.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి గిన్నెలు తోముకున్నాక జరిగేది ఇది. బొమ్మను తలకిందులు చేసి స్టీలు గ్లాసులో నిలబెడతాను, సరిగ్గా ఇరుక్కుని కదలకుండా నిలుస్తుంది. కింది చిన్న రంధ్రంలో ఉడికించిన చిలగడదుంప ముక్క బిరడాలా నొక్కుతాను. దాని మీద నాలుగు గింజల మేత, ఉప్పు లేకుండా ఉడికించి పీచులుగా చీల్చిన కోడిమాంసం, రెండు చెంచాల అన్నం, తడిపేటంత పెరుగు. మధ్యలో గుడ్డు తెల్లసొన ఒక ముక్క. అది తగిలినప్పుడు మిరియం తోక ఎలా ఊగుతుందో చూడాల్సిందే. పైన చిలగడదుంప ముద్దతో మెత్తి, వేలితో అంచు తుడిచి, గ్లాసుతో సహా ఫ్రీజర్‌లో పెట్టేస్తాను. పొద్దున్నకి రాయిలా తయారవుతుంది. ఈ తిండిని ఉదయం పళ్ళెంలో పెట్టేదానిలోంచి తగ్గిస్తాను. అలా తగ్గించకపోవడం వల్లే మొదటి ఆరు నెలల్లో కిలోన్నర పెరిగింది.

వేరుసెనగ వెన్న పెట్టమని చాలామంది చెబుతారు. బజారు డబ్బాల్లో కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు, అది కుక్కలకు విషం. వేయించిన గింజలను ఇంట్లోనే మిక్సీలో తిప్పుకుంటే ఆ బెడద ఉండదు. మిగిలిన పప్పో కూరో పెట్టేద్దామని మాత్రం అనుకోకండి. మన వంటల్లో ఉల్లిపాయ, వెల్లుల్లి లేనివెన్ని? అవి రెండూ కుక్కలకు పడవు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా అంతే.

గడ్డకట్టించి ఇచ్చిన రోజు వీడియో ఇలా ఉంటుంది. ముందు ముందరి పాదాలు రెండింటి మధ్య బొమ్మను ఇరికించుకుని నాకుతుంది. ఐదారు నిమిషాలకు పై పొర కరుగుతుంది. తర్వాత దవడ పక్కపళ్ళతో నొక్కి, ఒక్క క్షణం ఆగి, చెవి వంచి వింటుంది. లోపల ముక్క కదిలిన చప్పుడు కోసమేమో. ఒక స్థాయికి వచ్చాక నాలుక అందదు. అప్పుడు బొమ్మను నోట కరుచుకుని మంచం పక్కన నేల మీద వదిలేస్తుంది, ఎగిరిపడగానే పరుగెత్తి వెళ్ళి కింద రాలినవి ఏరుకుంటుంది. ఈ కిటుకు దానికి ఎవరూ నేర్పలేదు, రెండో నెలలో తనే కనిపెట్టింది. మొత్తం ముప్పై అయిదు, నలభై నిమిషాలు. ఆ తర్వాత ఒక ఆవులింత, రెండు చుట్లు, నిద్ర. ఆ నిద్ర ఒంటిగంట దాకా సాగుతుంది.

ఒంటిగంట తర్వాత సంగతి బొమ్మ చేతిలో లేదు. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మధ్యాహ్నం కోసమని ఒక కెమెరా కొన్నాం. ఆఫీసులో కూర్చుని ఫోనులో నొక్కితే ఇంట్లో బిస్కెట్టు విసురుతుంది. ఏ కంపెనీదో చెప్పను. మూడో రోజు నుంచి మిరియం పదకొండింటికే వెళ్ళి దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. కూర్చుని, చూసి చూసి, అరిచేది. విశ్రాంతి కోసం కొన్నది కాస్తా ఎదురుచూపు నేర్పింది. పిన్నిగారు చెప్పిన ఆ రాగం రెండింటికి బదులు పన్నెండుకే మొదలైంది. రెండు వారాలకు అటక ఎక్కించాం. రేడియో కూడా పెట్టి చూశాం. మిరియానికి తేడా ఏమీ లేదు, నాకు మాత్రం ఇల్లు ఖాళీగా లేదన్న తృప్తి. చివరికి పనిచేసింది మనిషే. మూడో అంతస్తులో డిగ్రీ చదివే అమ్మాయి ఒంటిగంటన్నరకు వచ్చి పావుగంట కిందికి తీసుకెళ్తుంది. నెలకు రెండు వేలు ఇస్తున్నాం.

చీమల గురించి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మార్చి వచ్చిందంటే పెరుగు కారిన చోటల్లా బారులు. చీమల చాక్‌పీసు గీద్దామని తమ్ముడు అన్నాడు. కుక్క నేల నాకే ఇంట్లో పురుగుమందు గీత గీయడమా? గీయనివ్వలేదు. వేసవిలో పెరుగు తగ్గించి అన్నం ముద్ద గట్టిగా పెడుతున్నాను. ఆ అమ్మాయి రాగానే బొమ్మ తీసి సింకులో పడేసి, ఆ చోటు తడిగుడ్డతో తుడుస్తుంది. కడగడం కూడా చెప్పుకోదగ్గ పనే. పసిపిల్లల పాలసీసా బ్రష్షు ఒకటి దీనికే కేటాయించాను. వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టకపోతే పులిసిన పెరుగు వాసన రబ్బరును పట్టుకుని కూర్చుంటుంది.

ఒక్కసారి బొమ్మ పూర్తిగా విఫలమైంది, నాకు ఎక్కువ నేర్పింది ఆ వైఫల్యమే. నిరుడు దీపావళి టపాసుల తర్వాత వరసగా నాలుగు రోజులు, ఇంటికొచ్చేసరికి బొమ్మ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. కరిగి, చుట్టూ చీమలు, ఒక్కసారి కూడా నాకలేదు. వీడియోలో మేము తలుపు వేసిన రెండు నిమిషాలకే గుమ్మం దగ్గర రొప్పుతూ, చొంగ కారుస్తూ నిలబడి ఉంది. అది విసుగు కాదు, భయం. విసుగెత్తిన కుక్క ముందు తిని, పడుకుని, ఆ తర్వాత అల్లరి చేస్తుంది. భయపడిన కుక్క తిండి ముట్టదు. ఆ రెండోదానికి ఈ బొమ్మే కాదు, ఏ బొమ్మా మందు కాదు. డాక్టరుగారి సలహాతో నేను వారం సెలవు పెట్టి, ఒక నిమిషం బయటికి వెళ్ళి రావడం, తర్వాత మూడు, తర్వాత పది, ఇలా మళ్ళీ మొదటి నుంచి అలవాటు చేశాను. తాళంచెవులు చేతిలోకి తీసుకుని ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చోవడం కూడా అందులో భాగమే. తమ్ముడు నవ్వాడు గానీ పనిచేసింది.

పొద్దున్న నడక గురించి ఒక మాట. ఒకప్పుడు దాన్ని అలసగొట్టాలని అరగంట చకచకా నడిపించేదాన్ని. ఇప్పుడు అదే అరగంటలో రెండు వందల గజాలు కూడా దాటం. ప్రతి స్తంభం, ప్రతి గేటు, కొబ్బరిబొండాల బండి చక్రం అన్నీ వాసన చూడనిస్తాను. ఆ నడక లేని రోజున గడ్డకట్టిన బొమ్మ కూడా దాన్ని గంటసేపు నిలబెట్టలేదు. బొమ్మకు సెలవిచ్చిన రోజున పాత టర్కీ టవలులో మేత చల్లి చుట్టచుట్టి ఇస్తాను, లేదా గుడ్ల అట్టలో గింజలు వేసి పైన కాగితాలు కుక్కి ఇస్తాను. ఖర్చు లేదు. కాకపోతే టవలూ అట్టా మేం ఇంట్లో ఉన్నప్పుడే. అట్ట మింగే కుక్కలూ ఉంటాయి.

మన్నిక సంగతికొస్తే, మూడేళ్ళ తర్వాత పెద్ద రంధ్రం అంచున ఒక పంటి గాటు ఉంది. నెలకోసారి వేలితో తడిమి చూస్తాను. రబ్బరు పెచ్చు లేచిందంటే ఆ రోజే చెత్తబుట్టలోకి. మిరియం నమిలేదానికంటే నాకేదే ఎక్కువ కాబట్టి ఎరుపు సరిపోయింది. రాయి దొరికినా వదలని కుక్క అయితే నలుపు రంగుది ఉంది, ఇంకా గట్టి రబ్బరు. కుక్కపిల్లలకు మెత్తటివి వేరే ఉన్నాయి. సైజు దగ్గర తటపటాయిస్తే పెద్దదే తీసుకోండి, గొంతులో ఇరుక్కునే భయం ఉండదు. వీలైతే రెండు కొనండి. ఒకటి సింకులో నానుతుంటే ఇంకొకటి ఫ్రీజర్‌లో గ్లాసు ఎక్కి కూర్చుంటుంది. మా రెండోది కొన్నాకే మా ఇంట్లో రాత్రి పదిన్నరకు "ఇవాళ బొమ్మ కడిగిందెవరు?" అనే గొడవ ఆగింది.